పత్తి కట్టెతో బయోచార్ చేసి చల్కలో వేస్తే పనికొస్తుందా? ఎకరానికి ఎంత వేయాలి?

కల్వకుర్తి చల్క రైతు

అందరికీ నమస్తే. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, కల్వకుర్తి దగ్గర. మూడెకరాల చల్క, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల ఉంది. రెండెకరాల్లో పత్తి, ఒక ఎకరంలో కంది, గట్ల వెంట కొన్ని సొర, గుమ్మడి పాదులు. ఒక బోరు ఉంది కానీ ఎండలు ముదిరితే గంటసేపు పోసి ఆగిపోతుంది.

మా నేల సంగతి చల్కలో చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడిన రోజు బురద, నాలుగు రోజులు ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. పదును నిలవదు, వేసిన ఎరువూ నిలవదు. పోయిన ఏడు మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం లెక్క) 6.3, సేంద్రియ కర్బనం 0.3 శాతం వచ్చింది. పశువులు రెండే. వాటి పెంట ఒక ఎకరానికి కూడా సరిపోదు.

ఇప్పుడు పత్తి చివరి ఏరుడు అయిపోయింది. కట్టె పీకించి కుప్పలు వేశాను. ప్రతి ఏడూ అగ్గిపెట్టి బూడిద చేసేవాళ్లం. ఈసారి బయోచార్, అంటే గాలి అందకుండా కాల్చి నేలలో వేసే బొగ్గు చేద్దామని ఉంది. కానీ ఒక వీడియోలో ఎకరానికి నాలుగు టన్నులు వేయాలని చెప్పారు. అంత బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి? కొందామంటే కిలో ముప్పై, నలభై రూపాయలు అంటున్నారు. మా పక్క చేను ఆయన రైస్ మిల్లు నుంచి నల్ల బూడిద ట్రాక్టర్ నిండా తెచ్చి మిరప నారు పెట్టే ముందు చల్లాడు. నారు పసుపు పచ్చబడి గిడసబారిపోయింది. అది చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇంకో మాట. ఊళ్లోకి ఒకాయన వచ్చి, కార్బన్ క్రెడిట్ల (కర్బనం గాలిలో కలవకుండా ఆపినందుకు కంపెనీలకు వచ్చే డబ్బు) కోసం పత్తి కట్టె మేమే ఉచితంగా ఎత్తుకుపోతాం, మీకు శ్రమ తప్పుతుంది అన్నాడు. ఇవ్వొచ్చా?

సొంతంగా చేసి వాడినవాళ్లు ఉంటే చెప్పండి. ఎలా కాల్చాలి, ఎంత వేయాలి, యూరియా తగ్గించవచ్చా, అసలు మా నేలకు పనికొస్తుందా?

ఆదిలాబాద్ నల్లరేగడి

తమ్ముడూ, నా అనుభవం చెప్తా. మాది పూర్తి నల్లరేగడి, పీహెచ్ 8.2. రెండు పంటలకు కంది కట్టె బొగ్గు వేసి చూశాను, పత్తిలో కంటికి కనిపించే తేడా ఏమీ రాలేదు. పైగా బొగ్గు ఎక్కువ పడ్డ చోట లేత ఆకులు తెల్లబారి జింక్ లోపం కనిపించింది. ఆ కష్టం బదులు ష్రెడర్ అద్దెకు తెచ్చి కట్టెను ముక్కలు చేసి దున్నేయడం మేలని నా అభిప్రాయం. కట్టెలో ఉన్న నత్రజని అయినా నేలకు మిగులుతుంది. కాలిస్తే అది గాలిలో కలిసిపోతుంది కదా.

అచ్చంపేట పందిరి తోట

తమ్ముడూ, మాది నీకు దగ్గరే, అచ్చంపేట వైపు. ఇదే చల్క, ఇదే పెచ్చు, ఇదే పత్తి. కొన్నేళ్లుగా పత్తి కట్టె, కంది కట్టె, గట్ల మీద సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు చేసి వేస్తున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆదిలాబాద్ అన్న చెప్పింది. ఆయన నేలకు ఆయన మాట నిజం. అప్పుడే చేసిన బొగ్గులో బూడిద ఉంటుంది, దాని పీహెచ్ తొమ్మిది దాకా, ఒక్కోసారి పది దాకా ఉంటుంది. ఇప్పటికే ఎనిమిది దాటిన నేలలో అది వేస్తే జింక్, ఇనుము మొక్కకు అందడం ఇంకా తగ్గుతుంది. నల్లరేగడికి నీళ్లు పట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది, బొగ్గు వచ్చి కొత్తగా ఇచ్చేది తక్కువ. చౌడు నేలకైతే అసలే వద్దు. కానీ నీ నేల 6.3. ఇసుక పాలు ఎక్కువ, కర్బనం లేదు, నీళ్లు నిలవవు. బొగ్గు పని చేసేదే ఇలాంటి చోట. నీ మట్టి కార్డు చూసే నేను ఇంత రాస్తున్నాను, లేకపోతే నేనూ వద్దనేదాన్ని.

ఇప్పుడు ఆ నాలుగు టన్నుల లెక్క. ప్రయోగశాలల వాళ్లు హెక్టారుకు పది టన్నులు, ఇరవై టన్నులు వేసి చూస్తారు. హెక్టారుకు పది టన్నులంటే ఎకరానికి నాలుగు టన్నులు. వీడియోల వాళ్లు ఆ లెక్క తీసుకుని రైతు నెత్తిన పెడుతున్నారు. నీ చేను సంగతి చూడు. ఎకరం పత్తికి ఎండిన కట్టె సుమారు టన్ను వస్తుంది. బాగా కాలిస్తే అందులో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు బొగ్గు మిగులుతుంది. అంటే ఎకరం కట్టె నుంచి రెండు వందలు, రెండు వందల యాభై కిలోలు. నాలుగు టన్నులు కావాలంటే పదహారు, ఇరవై ఎకరాల కట్టె తెచ్చి ఒక్క ఎకరంలో పొయ్యాలి. ఏ సన్నకారు రైతు వల్లా అయ్యే పని కాదు. కొని వేస్తే లక్ష దాటుతుంది. ఈ లెక్క చూసే చాలామంది మొదటి రోజే వదిలేస్తున్నారు, నాకు బాధ కలిగేది అక్కడే.

చేనంతా చల్లాల్సిన పని లేదు. వేరు దగ్గర పెట్టాలి, పెట్టే ముందు బొగ్గుకు తిండి పెట్టాలి. నేను ఏ సభలో మాట్లాడినా చెప్పేది ఈ రెండే. నేపాల్‌లో ధాదింగ్ జిల్లాలో గుమ్మడి మీద చేసిన ప్రయోగం ఒకటి 2015లో అచ్చయింది. హెక్టారుకు 750 కిలోల బొగ్గే, అంటే ఎకరానికి మూడు వందలు. దాన్ని ఆవు మూత్రంలో నానబెట్టి గుమ్మడి వేళ్ల దగ్గర మాత్రమే పెట్టారు. ఉత్త మూత్రం పోసిన మడులతో పోలిస్తే దిగుబడి నాలుగు రెట్లు వచ్చింది. మూత్రం లేని బొగ్గు వేసిన మడుల కంటే కూడా బాగా ఎక్కువే వచ్చింది. మన దగ్గర పత్తికి నాలుగు రెట్లు వస్తుందని నేను చెప్పను, ఎవరైనా చెప్తే నమ్మకు. అయితే ఎకరానికి మూడు వందల కిలోలు అన్న లెక్క చూడు. నీ ఎకరం కట్టె ఇచ్చే బొగ్గుకు అది ఎంత దగ్గరగా ఉందో! ఎవరి చేను కట్టె ఆ చేనుకే ఇంచుమించు సరిపోతుంది.

మూడడుగులకు మూడడుగుల అచ్చు తోలితే ఎకరానికి 4,840 పాదులు. మూడు వందల కిలోలు పంచితే పాదుకు అరవై గ్రాముల చిల్లర. బొగ్గు తేలిక కాబట్టి అది దోసెడు అవుతుంది. విత్తనం పెట్టే చోట ఆ దోసెడు, దానికి సమానంగా పెంట, పైన రెండు వేళ్ల మందం మట్టి, ఆ మీద గింజ. ఎకరానికి కూలీ ఖర్చు అవుతుంది, కాదనను. అందుకే మొదటి ఏడు రెండెకరాలూ చేయకు. నాలుగు గుంటల నేల, అంటే ఎకరంలో పదో వంతు చాలు.

కాల్చడం. నాకు డ్రమ్ము కంటే గుంత నచ్చింది. పైన ఐదడుగుల వెడల్పు, అడుగున రెండున్నర అడుగులు, లోతు మూడడుగులు, గరాటు ఆకారంలో తవ్వు. గోడలు నున్నగా తట్టు, వదులు మట్టి ఉంటే బొగ్గులో పడుతుంది. అడుగున సన్న పుల్లలు పేర్చి పైనుంచి అంటించు, కింద నుంచి కాదు. మంట బాగా లేచాక పత్తి కట్టె ఒక పలచని వరుస వేయి. దాని మీద తెల్లటి బూడిద పొర సన్నగా కనిపించడం మొదలు కాగానే ఇంకో వరుస. అంతకు ముందు వేస్తే పొగ వస్తుంది, ఆలస్యం చేస్తే బూడిద మిగులుతుంది. పైనున్న మంట గాలినంతా తానే వాడేసుకుంటుంది, కాబట్టి కింది వరుసలు గాలి అందక బొగ్గవుతాయి. కట్టె ఎండి ఉంటే పొగ దాదాపు ఉండదు. స్విట్జర్లాండ్ వాళ్లు 2014లో ఇదే పద్ధతిలో ఇనుప గరాటు చేసి కాన్-టికి అని పేరు పెట్టారు. మనకు మట్టి గుంత చాలు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి గుంత నిండుతుంది. నూరు నుంచి నూటయాభై కిలోలు వస్తాయి.

ఆర్పడంలోనే చాలామంది తొందరపడతారు. మూడు నాలుగు డ్రమ్ముల నీళ్లు ముందే తెచ్చి పెట్టుకో, బోరు నమ్ముకోకు. మంట తగ్గి పై వరుస ఎర్రగా ఉన్నప్పుడు పోయాలి. కర్రతో అడుగు దాకా కెలికి మళ్లీ పోయాలి. నీళ్లు లేకపోతే తడి మట్టి కప్పవచ్చు కానీ, లోపల నిప్పు రెండో రోజు కూడా బతికే ఉంటుంది. వేడి బొగ్గు ప్లాస్టిక్ సంచిలో పోసి కొట్టంలో పెట్టకు. మా వైపు ఒకరి పశువుల కొట్టం అలాగే కాలింది.

బొగ్గు మంచిదో కాదో ఎలా తెలుస్తుందంటావా? ఎండాక రెండు ముక్కలు కొట్టుకుంటే గాజు గాజులు తగిలినట్టు గలగలమనాలి. మెత్తగా టప్ టప్ అంటే కాలలేదు. పొడి చేతికి రుద్దుకుని కడిగితే ఉత్త నీళ్లకే పోవాలి. జిడ్డుగా అంటుకుని సబ్బు అడిగితే లోపల తారు ఉన్నట్టే, అది మొలకలకు మంచిది కాదు. తడిగా ఉన్నప్పుడే గోనె సంచిలో పోసి ట్రాక్టర్ టైరు ఎక్కించు, నలుగుతుంది. శనగ గింజంత కంటే పెద్ద ముక్కలు ఉండకూడదు. పొడిగా ఉన్నప్పుడు దంచకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముక్కుకు తువ్వాలు కాదు, మాస్క్ పెట్టుకో.

తర్వాత తిండి. బొగ్గుకు బలం లేదు, అందులో ఉన్నది సందులు మాత్రమే. ఖాళీ కడుపుతో నేలలోకి వెళ్తే నువ్వు వేసిన నత్రజనిని ముందు అదే పట్టుకుంటుంది, మొక్క పసుపు పచ్చబడుతుంది. అందుకని జనవరిలో చేసిన బొగ్గును పెంటకుప్పలో వరుసలుగా కలిపేయి. ఒక వరుస పెంట, ఒక పలచని వరుస బొగ్గు, మీద గోమూత్రమో జీవామృతమో చల్లు. జీవామృతం తెలిసిందేగా, రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. తడి ఆరనివ్వకుండా మృగశిర దాకా కుప్పలో ఉంచు. నాలుగు నెలలు దొరుకుతాయి. రెండు పశువుల పెంట చాలడం లేదు అన్నావు. బొగ్గు కలిపిన కుప్పలో ఘాటు వాసన తగ్గుతుంది, అంటే గాలిలో పోయే నత్రజనిలో కొంత ఆగినట్టే. ఉన్న కాస్త పెంట విలువ పెరుగుతుంది.

ఫలితం గురించి నేను చూసింది చెప్తాను. పత్తి కంటే ముందు నాకు సొర పందిరి కింద కనిపించింది. ఒక ఏడు వాన మొహం చాటేసింది. బొగ్గు, పెంట పెట్టిన పాదుల్లో ఆకులు మధ్యాహ్నం వాడినా సాయంత్రానికి లేచేవి. పక్క వరుస మరుసటి పొద్దు దాకా వాలిపోయే ఉండేది. కాపు అయ్యాక పాదులు తవ్వి చూశాను. బొగ్గు ముక్కను చేత్తో తీస్తే రాలేదు. తెల్లటి పీచు వేళ్లు దాని సందుల్లోకి దూరి, చుట్టూ అల్లుకుపోయి ఉన్నాయి. ముక్క విరిస్తే లోపల కూడా వేరు ఉంది. తర్వాతి ఏడు మళ్లీ బొగ్గు వేయలేదు, అదే పాదుల్లో పెంట మాత్రం వేశాను, తేడా అలాగే నిలిచింది. పెంట ఏడాదిలో కరిగిపోతుంది, బొగ్గు వందల ఏళ్లు ఉంటుంది. అందుకే ప్రతి ఏడూ నాలుగు గుంటల చొప్పున జరుపుకుంటూ పో అంటాను.

కట్టె ముక్కలు చేసి దున్నడం గురించి అన్న చెప్పినదాంట్లో నత్రజని మాట ముమ్మాటికీ నిజం. కాలిస్తే నత్రజని చాలా వరకు పోతుంది, పొటాష్ మాత్రం బొగ్గులోనే మిగులుతుంది. కానీ చల్కలో పత్తి కట్టె ముక్కలు ఎండాకాలమంతా చెదలకు తిండి అవుతాయి తప్ప కుళ్లవు. నీకు ష్రెడర్ దొరికితే సగం ముక్కలు చెయ్యి, సగం కాల్చు. ఏది చేసినా ఆలస్యం చేయకు. కట్టె మీద మిగిలిన గుడ్డి కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని ఉంటుంది, కుప్పలు మే దాకా గట్టు మీద ఉంటే వచ్చే పంటకు నువ్వే పురుగును పెంచి ఇచ్చినట్టు.

రాజేంద్రనగర్ విద్యార్థి

నమస్తే అక్కా. నేను మృత్తికా శాస్త్రం పీజీ చేస్తున్నాను. మీరు పీహెచ్ గురించి చెప్పింది పరిశోధనల్లో కూడా కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్త ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఉష్ణమండల దేశాల్లో సగటున 25 శాతం దిగుబడి పెరిగింది, చల్లటి దేశాల్లో సగటున ఏమీ పెరగలేదు. ఉష్ణమండల నేలలు ఎక్కువగా ఆమ్లత్వంతో, పోషకాలు లేకుండా ఉండటమే దానికి ముఖ్య కారణంగా చెప్పారు. అమెజాన్ అడవుల్లో వందల ఏళ్ల కిందట అక్కడి జనం తయారు చేసిన నల్లమట్టి, టెర్రా ప్రేటా, ఇప్పటికీ చుట్టుపక్కల నేలకంటే సారవంతంగా ఉంది. అయితే అందులో బొగ్గు ఒక్కటే లేదు. ఎముకలు, చేపల వ్యర్థాలు, పెంట, కుండ పెంకులు అన్నీ ఉన్నాయి. మీరు చెప్పే తిండి పెట్టడం అక్కడ కూడా జరిగింది.

గుంత తవ్వడానికి రాయి అడ్డం వచ్చే నేలల్లో డ్రమ్ము వాడవచ్చు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రీడా అంటాం, పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెల కోసమే డ్రమ్ము బట్టీ రూపొందించింది. ఒక్కసారికి తక్కువ వస్తుంది కానీ ఎక్కడికైనా దొర్లించుకుపోవచ్చు.

విజయవాడ మిద్దె తోట

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం డాబా మీద కుండీల్లో పెంచుతాం. కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గు నలగ్గొట్టి, వర్మీ కంపోస్టులో నెల ఉంచి, మట్టిలో పదో వంతు కలుపుతున్నాను. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోసే వంగ కుండీలకు ఇప్పుడు ఒక పూట సరిపోతోంది. కుండీ బరువు కూడా తగ్గింది, డాబాకు అదో మేలు. నా సందేహం ఏమిటంటే, పక్క చేను ఆయన మిరప నారు ఎందుకు పాడైంది? మాకు కూడా రైస్ మిల్లు బూడిద ఉచితంగా ఇస్తామంటున్నారు.

కల్వకుర్తి చల్క రైతు

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు దండాలు. మీ పందిరి తోట ఒకసారి వచ్చి చూస్తాను. ఇంకో రెండు అడుగుతాను. పత్తి విత్తనం పెట్టిన మరుసటి రోజు పెండిమిథాలిన్ గడ్డి మందు కొడతాం, బొగ్గు మందును పీల్చేస్తుందని ఎవరో అన్నారు, నిజమేనా? యూరియా సంగతి కూడా చెప్పలేదు. ఆ కార్బన్ క్రెడిట్ ఆయన మళ్లీ ఫోన్ చేశాడు.

అచ్చంపేట పందిరి తోట

మందును పీల్చడం నిజమే. బొగ్గు నేల పైన చల్లితే పెండిమిథాలిన్, మొక్కజొన్నలో కొట్టే అట్రజిన్ లాంటివాటిని పట్టేసుకుంటుంది, గడ్డి ఆగదు. చేనంతా చల్లొద్దు అనడానికి ఇది కూడా ఒక కారణం. ఆ మందు పని చేసేది నేల పైపొరలో. నీ బొగ్గు రెండు వేళ్ల మట్టి కింద, పాదులో మాత్రమే ఉంటుంది కాబట్టి సాళ్ల మధ్య మందు మామూలుగానే పని చేస్తుంది. పాదు పైన ఒకటి రెండు గడ్డి మొక్కలు లేస్తే దంతె తోలేటప్పుడు చేత్తో పీకించు.

యూరియా మొదటి ఏడు ఒక్క గ్రాము తగ్గించకు. బొగ్గు వేశాం కదా అని ఎరువు మానేసి, పంట పసుపు పచ్చబడ్డాక బొగ్గును తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఒకేసారి వేసేది మూడు నాలుగు దఫాలుగా వేయి, చల్కలో బొగ్గు ఉన్నా లేకున్నా అదే పద్ధతి. రెండు మూడేళ్లకు మట్టి పరీక్ష, మొక్క రంగు చూసుకుని తగ్గించే ఆలోచన చేయవచ్చు.

విజయవాడ చెల్లీ, రైస్ మిల్లు బూడిద అన్నీ ఒక్కటి కాదు. బాయిలర్‌లో బాగా కాలి తెల్లగా, బూడిద రంగులో వచ్చేది దాదాపు సిలికానే, అందులో బొగ్గు లేనట్టే. సగం కాలి నల్లగా వచ్చే ఊకలో బొగ్గు ఉంటుంది, దానితోపాటు బూడిద కూడా ఉంటుంది. ఆ మిరప నారు విషయంలో మూడు పనులు ఒకేసారి జరిగినట్టున్నాయి. పీహెచ్ చూడలేదు, దేనిలోనూ మగ్గబెట్టలేదు, లేత నారుకు ట్రాక్టర్ లెక్కన వేశారు. నువ్వు తెచ్చుకుంటే ముందు ఒక బకెట్‌లో నానబెట్టి రెండు మూడు సార్లు నీళ్లు మార్చు, ఆ తర్వాత కంపోస్టులో ఉంచు. ఒక కుండీలో మెంతులు చల్లి చూడు. మామూలు కుండీలో మెంతులు లేచినంత బాగా ఇందులోనూ లేస్తే వాడుకో. మెంతులు రెండు మూడు రోజుల్లోనే చెప్పేస్తాయి. నీ కొబ్బరి చిప్ప బొగ్గు మాత్రం ఊక కంటే ఎంతో మేలు, అది వదలకు. రంగులు వేసిన చెక్క, ప్లైవుడ్ మాత్రం ఎప్పుడూ కాల్చకండి.

కార్బన్ క్రెడిట్ల గురించి నేను గట్టిగానే చెప్తాను తమ్ముడూ. కట్టె ఉచితంగా ఇస్తే దానితోపాటు నీ చేను పొటాష్ బండెక్కి పోతుంది. అది నువ్వు డబ్బు పెట్టి కొని వేసిందే. వాళ్లకు క్రెడిట్ వచ్చేది బొగ్గు నేలలో కలిసినప్పుడే కదా, మరి ఎవరి నేలలో కలుపుతారు? ఆ ప్రశ్న సూటిగా అడుగు. బొగ్గు తిరిగి మా చేనుకే తెచ్చి ఇస్తాం, తూకం ఇంత, క్రెడిట్ డబ్బులో మీ వాటా ఇంత అని తెలుగులో కాగితం రాసిస్తే కూర్చుని మాట్లాడు. లేదంటే నీ కట్టె నీ గుంతలోనే కాల్చుకో. ఊళ్లో పదిమంది కలిసి అడిగితే వాళ్లు కూడా దారికి వస్తారు, ఒక్కడివే వెళ్లకు.

ఆదిలాబాద్ నల్లరేగడి

అమ్మా, లెక్క బాగా చెప్పారు. నేను వేసింది చేనంతా చల్లడమే, మగ్గబెట్టలేదు కూడా. మా నేలకు ఏ పద్ధతిలోనూ పనికిరాదంటారా? ఇంటి దగ్గర కొంచెం ఎర్రమట్టి పెరడు ఉంది.

అచ్చంపేట పందిరి తోట

అన్నా, నల్లరేగడిలో ఎరువుల లెక్కన ఆశ పెట్టుకోకండి. బొగ్గును పశువుల కొట్టంలో వాడండి. మూత్రం పారే చోట పొడి బొగ్గు ఒక పొర వేస్తే వాసన, ఈగలు తగ్గుతాయి. తడిసింది ఎత్తి పెంటకుప్పలో వేయండి. అలా వెళ్లిన కాస్త బొగ్గు వల్ల మీ పీహెచ్ మారేంత ఏమీ ఉండదు, పెంటలో నత్రజని నిలుస్తుంది. పెరట్లో ఎర్రమట్టి ఉంటే బీర, సొర, బొప్పాయి పాదులకు నేరుగా పెట్టుకోండి.

తమ్ముడూ, నీకు చివరిగా ఒకటి. నాలుగు గుంటలు అన్నాను కదా, వాటిని ఒకే మూల పెట్టకు. చేనులో మంచి చోటు, చెడ్డ చోటు రెండూ ఉంటాయి. రెండు సాళ్లు బొగ్గు, రెండు సాళ్లు ఉత్త పెంట, మళ్లీ రెండు సాళ్లు బొగ్గు, ఇలా మార్చి మార్చి పెట్టు. సాలు చివర రంగు కర్ర పాతు, లేకపోతే ఆగస్టుకు ఏది ఏదో మర్చిపోతావు. యూరియా, మందులు అన్ని సాళ్లకూ ఒకేలా వేయి. ఏరేటప్పుడు రెండు రకాల పత్తి వేరు వేరు సంచుల్లో పోయించి, మొదటి ఏరుడు నుంచి చివరిదాకా తూకం పుస్తకంలో రాయి. కట్టె ఎండి ఉంది కాబట్టి గుంత ఈ వారంలోనే తవ్వు. గాలి లేని పొద్దు చూసుకో, పక్క చేలో కంది ఇంకా కోయకపోతే ఆ వైపు గుంత వద్దు.